పైపు, దాని పొగాకు యోగములు : ఒక పదార్థవిచారము

ఆంగ్లకథాసాహిత్యమును తెలుగున చదువువారికిని, చదివించువారికిని తఱచుగా ఎదురగు వస్తువులలో పైపు ఒకటి. డిటెక్టివు దానిని చేతబట్టి ఆలోచించును. నావికుడు దానిని పండ్లసందున బిగించి చుక్కాని త్రిప్పును. వృద్ధాచార్యుడు దాని బూడిదను దులిపి ప్రసంగము ప్రారంభించును. అనువాదకుడు ఇట్టి తావులలో ఒకచోట ‘చుట్ట’ అనియు, ఒకచోట ‘గొట్టము’ అనియు, మఱియొకచోట ‘హుక్కా’ అనియు వ్రాసి ముందునకు సాగును. ఈ మూడును పైపు కావు. ఇంతమాత్రమున కథకు వచ్చిన లోపమేమి యని అడుగవచ్చును. పైపు త్రాగుట పాశ్చాత్యదేశములందు నాలుగు శతాబ్దములకు పైగా పెరిగిన యొక వినోదవిద్య. దానికొక పరికరశాస్త్రము, ఒక ద్రవ్యశాస్త్రము, ఒక ప్రయోగక్రమము ఉన్నవి. దాని మాటలన్నియు ఆ క్రమములోనుండి పుట్టినవి. క్రమము నెఱుగనివానికి నిఘంటువు చూచినను ఆ మాటల అర్థము చిక్కదు.

ఇందు మనకు సంబంధించిన వింత యొకటి కలదు. గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతునకు వర్జీనియా, బర్లీ అను పేరులు ఇంటిమాటలు. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ 1912లో ఏర్పడిన పిమ్మట, కొలది దశాబ్దములలో, వేడిగాలితో ఆకు నార్చు బ్యారనులు మన పల్లెలలో వెలసినవి. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనసంస్థయు, 1976లో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డును నెలకొన్నవి. ఎక్కడనో లండను నగరమున పైపు త్రాగువాడును ఈ వర్జీనియా, బర్లీ పేరులనే పలుకును. కాని రైతునకు అవి పంటల పేరులు. పైపువానికి రుచుల పేరులు. మాట యొకటే, దాని వెనుకనున్న అనుభవములు రెండు. ఆ రెండవ యనుభవము తెలుగున మాటగా నిలువలేదు. దానిని వివరించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది. పైపును ప్రశంసించుట ఉద్దేశము కాదు.

ముందుగా మనకున్న మాటలను చూతము. అమెరికాఖండపు మొక్క పోర్చుగీసువారి వెంట మన తీరమునకు వచ్చినది. ఐరోపాభాషలు ‘టబాకో’ అను పరదేశిపదమును దాదాపు అట్లే నిలుపుకొన్నవి. తెలుగు అట్లు చేయక పొగ, ఆకు అను రెండు సొంత మాటలను కలిపి పొగాకు అన్నది. తమిళమున పుగైయిలై, కన్నడమున హొగెసొప్పు అనునవియు ఇట్టి కట్టడములే. క్రియకు వచ్చినచో మనము పొగను ‘త్రాగుదుము’. పొగను త్రాగుట యేమని పరిహసించువారు కలరు. పదునేడవ శతాబ్దారంభమున ఆంగ్లేయులును తమ భాషలో పొగాకును ‘త్రాగు’ననియే పలికిరి, తరువాతనే వారి క్రియ మాఱినది. చుట్ట అనునది చుట్టు ధాతువునుండి వచ్చినది. తమిళమున చురుట్టు. దానినుండియే ఆంగ్లమున ‘చెరూటు’ పుట్టినది. అనగా చుట్ట విషయమున వారు మనవైపునుండి మాట తీసికొనిరి. పైపు విషయమున మనము వారినుండి తీసికొన్నాము. ఇచ్చిపుచ్చుకొనుటలో లోపము లేదు గాని, చుట్టను చూచి పైపును ఊహించుటలో మాత్రము లోపము కలదు.

దక్కనునకు గొట్టముతో పొగ త్రాగుట కొత్త కాదు. మొగలాయి అధికారియైన అసద్ బేగు బీజాపురమున పొగాకును చూచి, 1604 ప్రాంతమున, రత్నములు తాపిన గొట్టముతో సహా దానిని అక్బరు సభకు కొనిపోయెను. జహంగీరు 1617లో పొగాకును నిషేధించినాడు, నిషేధము నిలువలేదు. ఆ తరువాత ఈ దేశమున వృద్ధిపొందినది నీటిగుండ పొగను లాగు హుక్కా. దాని నెత్తిమీది నిప్పుగిన్నె చిలుము. నీరులేని పొట్టిగొట్టము సన్న్యాసులయొద్దను, గంజాయి త్రాగువారియొద్దను మిగిలినది. అందుచేత చిలుము అను మాటకు మన చెవిలో ఒక అగౌరవము అంటియున్నది; పైపునకు పర్యాయముగా అది పనికిరాదు.

ఇంతకంటె ప్రాచీనమైన మాట ఒకటి సంస్కృతవైద్యమున ఉన్నది. చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయమున ధూమపానవిధి కలదు. అది పొగాకు కాదు. సుగంధద్రవ్యములను నూఱి, రెల్లుపుడకకు పట్టించి, ఎండిన పిదప పుడకను లాగివేసి చేసిన వర్తి అది. దానిని పీల్చు గొట్టము ధూమనేత్రము. చికిత్సాభేదమునుబట్టి దాని పొడవు ఎవరి వ్రేళ్ళకొలతతో వారికి 24, 32, 36 అంగుళములు. పొగ దూరమునుండి, కణుపులు దాటి, సన్నని దారిన వచ్చుటచే ఇంద్రియములను బాధింపదని గ్రంథము హేతువు చెప్పుచున్నది. పొడవైన కాడగల పైపునందు పొగ చల్లబడి నాలుకను కాల్చదని పాశ్చాత్యులు చెప్పు హేతువును ఇదియే. దీనినిబట్టి పైపు మనదేయని వాదమునకు దిగుట తగదు. ఒకే యిబ్బందికి రెండు దేశములవారు ఒకే యుపాయమును కనుగొనుట వింత కాదు.

ఇక పరికరము. చుట్టయందు ఆకే పాత్ర, ఆకే ఆహుతి. త్రాగినంతనే రెండును లేకుండపోవును. పైపునందు ఆకు కాలిపోవును, పాత్ర మిగులును. ఈ యొక్క భేదమునుండియే తక్కినవన్నియు వచ్చినవి. మిగిలిన వస్తువునకు వయస్సు వచ్చును, మచ్చలు పడును, యజమాని చేతివాటము దానికి అంటుకొనును. దానిని తుడుచుట, దాచుట, కొడుకునకిచ్చుట మొదలైన ముచ్చటలు పుట్టును. పైపులో నాలుగు భాగములను గుర్తింపవచ్చును: నిప్పుండు గిన్నె, గిన్నెనుండి వెలువడు మెడ, మెడలో దిగవేయు కాడ, పెదవులకు తగులు మూతి. గిన్నె అడుగున సరిగా మధ్యను పొగదారి తెఱచుకొనవలెను. ఆ రంధ్రము కొంచెము పైకి జరిగినను క్రిందిపొగాకు కాలక తడిసి మిగిలిపోవును. వెలగల పైపునకును చౌక పైపునకును నిజమైన భేదము తఱచుగా ఈ రంధ్రమునందే యుండును గాని పైమెఱుగునందు కాదు.

ఇంగ్లండునందు పదునాఱవ శతాబ్దాంతమున తొలి పైపులు తెల్లమట్టితో చేసినవి. అప్పుడు పొగాకు మిక్కిలి ప్రియము గనుక గిన్నె చిన్నదిగా ఉండెడిది. ఆకు చౌకయైన కొలది గిన్నె పెరిగినది. మట్టిపైపు సులభముగా విఱుగును, అంతే సులభముగా మఱియొకటి దొరకును. కనుక ఆనాటి యిండ్ల పెరళ్ళలో దాని ముక్కలు రాశులుగా బయటపడును. జె. సి. హారింగ్టన్ అను పురావస్తు పరిశోధకుడు 1954లో ఈ ముక్కల రంధ్రములను కొలిచి, పదునేడవ శతాబ్దారంభమున అంగుళములో 64వ పాళ్ళు తొమ్మిదిగా నున్న రంధ్రము పదునెనిమిదవ శతాబ్దాంతమునకు నాలుగుగా సన్నగిల్లినదని చూపినాడు. కాడ పొడవు పెరుగుటతో రంధ్రమును సన్నముగా చేయవలసివచ్చెను. మన శాసనపరిశోధకులు లిపిని చూచి కాలమును నిర్ణయించునట్లు, వారు పైపుముక్కను చూచి ఇంటి కాలమును నిర్ణయింతురు. పరిశోధకవిద్యార్థులు ఈ పద్ధతిని గమనింపదగును. విలువలేదని పాఱవేసినదే కాలమును నిక్కముగా చెప్పుచున్నది.

మట్టి తరువాత మీర్షామ్. జర్మనుభాషలో ఈ మాటకు సముద్రపు నురుగు అని అర్థము. వస్తువు నురుగు కాదు. తుర్కీదేశమున ఎస్కిషెహిర్ ప్రాంతమున త్రవ్వితీయు, మెగ్నీషియము గల మెత్తని తెల్లరాయి. తడిగా నున్నపుడు కత్తికి లొంగును గనుక శిల్పులు దానిపై గడ్డపు ముఖములు, పులిగోళ్ళు చెక్కుదురు. తేనెమైనము పట్టించిన మీర్షామ్ త్రాగినకొలది తేనెవన్నెకును, పిదప గోధుమవన్నెకును తిరుగును. ఆ వన్నెకై యజమాని యేండ్లతరబడి వేచియుండును.

నేటి పైపులలో ఎక్కువపాలు బ్రయర్ కఱ్ఱవి. ఇది మధ్యధరాసముద్రతీరపు కొండలలో పెరుగు ఎరికా ఆర్బోరియా అను పొదవృక్షపు వేరునకును కాండమునకును నడుమ ఊరు బుడిపె. బుడిపె పైపునకు తగినంత పెరుగుటకు దశాబ్దములు పట్టును. త్రవ్వితీసి, ముక్కలుగా కోసి, గంటలకొలది నీట ఉడికించి పసరు పోగొట్టి, నెలలకొలది నీడను ఆఱబెట్టుదురు. ఇంత చేసిన పిమ్మట అది నిప్పునకు తాళును, తేమను పీల్చును. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ ఫ్రాన్సులో జురా కొండలయందలి సాంక్లోద్ పట్టణము దీనికి ప్రసిద్ధి వహించినది. మాటను గుఱించి ఒక హెచ్చరిక. ఇది ఫ్రెంచిలోని ‘బ్రుయేర్’ ఆంగ్లమున వికృతినొందిన రూపము. ఆంగ్లములో అదే ధ్వని గల మఱియొక మాటకు ముండ్లపొద అని అర్థము. ఆ నిఘంటువర్థమును పట్టుకొని ‘ముండ్లకఱ్ఱ పైపు’ అని వ్రాసినచో రెండు వృక్షములకును అన్యాయమగును.

డబ్లినులో చార్లెస్ పీటర్సన్ 1890లో హక్కుపత్రము పొందిన పైపునందు మెడ అడుగున ఒక చిన్నగుంట యుండును. పొగతో వచ్చిన నీరు నోటికి రాక అందు నిలుచును. అమెరికాలో మిస్సోరీరాష్ట్రమున మొక్కజొన్న కండెతో చేయు చౌకపైపునకు నేటికిని ఆదరమున్నది. షెర్లాక్ హోమ్సు బొమ్మలలో కనబడు వంకరపైపు దక్షిణాఫ్రికానుండి వచ్చినది. దాని దేహము మన సొరకాయ మెడయే. పైన మీర్షామ్ గిన్నె దిగవేయుదురు. తంబురకు కుండయగు జాతికాయయే అక్కడ పైపయినది. కాని కోనన్ డాయిల్ కథలలో హోమ్సునకు ఈ సొరకాయపైపు లేదు. నల్లబాఱిన పాత మట్టిపైపు, బ్రయర్ పైపు, చెర్రీకఱ్ఱ పైపు మాత్రమే యున్నవి. వంకరపైపు నాటకరంగమునుండియు చిత్రములనుండియు వచ్చి చేరినది.

పరికరముకంటె ద్రవ్యము క్లిష్టము. పైపుపొగాకు ఒక ఆకు కాదు, ఆకుల కూర్పు. దీనిని ‘మిశ్రమము’ అనుటకంటె వైద్యశాస్త్రమునందలి ‘యోగము’ అను మాటతో చెప్పుట మేలని నా యభిప్రాయము. మిశ్రమమనగా కలిపినది, యోగమనగా ప్రధానద్రవ్యమేదో, సహకారి యేదో, పాళ్ళెంతయో తెలిసి కలిపినది.

ప్రధానద్రవ్యము తఱచుగా వర్జీనియా. దీనిని పసుపువన్నె తిరుగునట్లు వేడిగాలితో ఆర్చుదురు. పొగ ఆకునకు తగులకుండ గొట్టములగుండ వేడిని పంపుదురు. ఈ పద్ధతి 1839లో ఉత్తర కరొలీనాలోని కాస్వెల్ మండలమున స్టీఫెన్ అను బానిస, ఆఱిపోవుచున్న నిప్పులో బొగ్గులు వేయగా అనుకోకుండ బయటపడినదని పరంపరగా చెప్పుదురు. ప్రఖ్యాతి యజమానుడైన స్లేడ్‌నకు దక్కినది. త్వరగా ఆఱుటచే ఆకులోని చక్కెర నిలిచిపోవును. కనుక వర్జీనియా తీయగా నుండును. తొందరపడి లాగువాని నాలుకను చుఱుక్కుమనిపించును. మన బ్యారనులలో జరుగునది ఈ పనియే. ఈ ఆకును కాగితమున చుట్టి సిగరెట్టుగా చేసినపుడు దాని తీపి తెలియదు. ఒత్తి పలకలుగా చేసి, డబ్బాలో మూసి, ఏండ్లు నిలువచేసి పైపున త్రాగినపుడు ఎండుద్రాక్ష వాసన వచ్చునందురు. రైతు ఆకును పండించిన సంవత్సరముననే అమ్మవలెను; నిలువ వలన వచ్చు ఆ రుచి యతనికి తెలియు నవకాశమే లేదు.

బర్లీ వేడిలేక గాలికే ఆఱును. ఒహాయో రాష్ట్రమున 1864లో తెల్లబర్లీ మొలకలు కనబడినవి. తరువాత వ్యాపించినవి అవియే. దీనియందు చక్కెర దాదాపు ఉండదు, కాని ఏ రసము పోసినను పీల్చుకొనును. వెనిలాయో, చెఱకుసారాయమో పట్టించిన అమెరికా యోగములకు బర్లీయే ఆధారము. కావెండిష్ అను పేరును మొక్కపేరుగా భ్రమపడరాదు. అది ఆకును ఆవిరితో వేడిచేసి ఒత్తి నల్లబఱచు సంస్కారము. ప్రాచ్యపొగాకు అనబడునది ఇజ్మీరు, సంసూన్, క్సాంతి ప్రాంతముల ఎండలో ఆఱిన చిన్నయాకు. కారము తక్కువ, పరిమళ మెక్కువ.

లటాకియా వీటన్నిటికిని భిన్నము. సిరియాలోని రేవుపట్టణపు పేరు దీనికి వచ్చినది. పిదప సైప్రస్ ద్వీపము దీనికి ముఖ్యస్థానమైనది. ఎండిన ఆకుగుత్తులను చావడిలో వ్రేలాడదీసి, క్రింద పరిమళముగల పొదల కట్టెలను నెమ్మదిగా పొగబెట్టుదురు. ఆకు నల్లనై, చలికాలపు నెగడు వాసన పట్టును. పొగ త్రాగుటకై పొగ త్రాగిన ఆకు ఇది. ఇంగ్లండునందు పొగాకునకు తీపిద్రవ్యములు చేర్చుటను చట్టము చాలకాలము నిరోధించినది; రుచియంతయు ఆకులనుండియే రావలసియుండెను. అందుచే అచ్చటి కలుపుకాండ్రు లటాకియాను ఆశ్రయించిరి. వర్జీనియా, ప్రాచ్యము, లటాకియా కలిసినదానికి ‘ఇంగ్లీషు మిక్శ్చరు’ అని పేరు నిలిచినది. చట్టము రుచిని సృష్టించిన దృష్టాంతములలో ఇదియొకటి. లండనులో ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో డ్యూక్ వీధియందు దుకాణము తెఱచి, ఒక్కొక్క గ్రాహకుని యిష్టప్రకారము పాళ్ళు కలిపి, ఆ యోగమును సంఖ్యతో పుస్తకమున వ్రాసి యుంచెడివాడు.

పెరీక్ గుఱించి చెప్పనిచో ఈ ప్రకరణము పూర్తికాదు. లూసియానాలో సెయింట్ జేమ్స్ అను ఒక్క మండలమున చేయు నూరుడు పొగాకు ఇది. ఆకును పీపాలలో దట్టించి, మరయొత్తిడిలో ఉంచి, నడుమ నడుమ తీసి గాలి తగిలించి మరల ఒత్తుదురు. ఇట్లు ఒక సంవత్సరము ఊఱవలెను. నల్లనై, పుల్లని పండ్ల వాసనయు మిరియపు కారమును పొందును. దీనిని ఒంటిగా త్రాగుట అరుదు. మన వంటయింట ఇంగువ యెట్టిదో యోగమున పెరీక్ అట్టిది. చిటికెడు చాలును, లేనిచో తెలియును, మించినచో ఇంకను తెలియును.

ప్రయోగక్రమమును సంగ్రహముగా చెప్పెదను. పలకగా నున్నదానిని చేత నలిపి విడదీయుదురు. గిన్నెలో మూడు విడతలుగా నింపుదురు. మొదట పసివాని చేతితో, పిదప స్త్రీ చేతితో, తుదకు పురుషుని చేతితో ఒత్తవలెనని వారి నానుడి. తొలినిప్పు పైపొరను పొంగించుటకు మాత్రమే. దానిని మెల్లగా అదిమి రెండవసారి అంటింతురు. పిదప త్రాగుట యనగా గుక్కలు గాదు, చప్పరింపులు. ఆఱిపోయినచో మరల అంటించుట తప్పుగా నెంచరు. గిన్నె లోపల నెమ్మదిగా మసిపూత యేర్పడి కఱ్ఱను కాపాడును. అది మందమైనచో గిన్నె పగులును గనుక అప్పుడప్పుడు గీకవలెను. త్రాగిన పైపును కనీసము ఒక దినము ఆఱనీయవలెను. అందుచే అభ్యాసికి ఒక పైపు చాలదు; సంగ్రహాభిరుచి ఇక్కడనే మొదలగును. ఈ నిదానము పందెముగా కూడ మాఱినది. అంతర్జాతీయ నియమముల ప్రకారము ఒక్కొక్కరికి మూడు గ్రాముల పొగాకు, రెండు అగ్గిపుల్లలు ఇత్తురు; ఎవని పైపు చివరివఱకు ఆఱక నిలుచునో వాడు గెలుచును. ఆఱితేఱినవారు మూడు గంటలకు మించి నిలిపిరి.

పైపుపొగను సాధారణముగా ఊపిరితిత్తులకు పంపక నోటనే నిలిపి విడుతురు. కనుక ఇది నిరపాయమను నమ్మిక చాలకాలము ప్రబలియుండెను. అది నిలువలేదు. అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964లోనే పెదవి క్యాన్సరునకు పైపును కారణముగా నిర్ణయించినది. నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తులు కూడ దీని బారినపడునని తరువాత తేలినది. మన శ్రీకాకుళ విశాఖ తీరములందు స్త్రీలు చుట్ట నిప్పుకొసను నోటిలోపల నుంచి త్రాగు అడ్డపొగ అంగిలి క్యాన్సరునకు హేతువగుట వైద్యు లెఱిగినదే. పొగ యెక్కడ నిలుచునో అక్కడనే హాని. నిదానముగా త్రాగినంత మాత్రమున అది తగ్గదు.

ఇప్పుడు అనువాదమునకు వత్తము. హోమ్సు కథలలో ఎఱ్ఱజుట్టువారి సంఘమును గుఱించిన 1891 నాటి కథయందు, ఆ సమస్య మూడు పైపుల సమస్యయని యతడు చెప్పి, ఏబది నిమిషములు తనను పలుకరింపవలదనును. ఇక్కడ పైపు వస్తువు కాదు, కాలమానము. నింపి, అంటించి, అదిమి, చప్పరించి ముగించుటకు పట్టు వ్యవధి తెలిసినవానికే లెక్క కుదురును. ‘మూడు చుట్టలు’ అని వ్రాసినను కాలభావము కొంత నిలుచును, ఏలయనగా చుట్ట కాల్చునంతసేపు అను వాడుక మనకును ఉన్నది. పోవునది వేళ్ళపని, ఆలోచించువాని చేతులు ఊరకుండవను సూచన. కనుక పైపును పైపుగనే యుంచి, గిన్నె, కాడ, మసిపూత వంటి భాగములకు తెలుగు మాటలను వాడుట మంచిది.

ఒక్క భాగమునకు మాత్రము మాట వెదకవలసియున్నది. త్రాగుట ముగిసిన పిదప గిన్నె అడుగున సగము కాలి, తడిసి, ముద్దయై మిగులు పొగాకునకు ఆంగ్లమున ‘డాటిల్’ అని పేరు. అడుగంటు అనరాదు, అది మాడినది. నుసి యనరాదు, అది పొడి. ‘అడుగుపొగాకు’ అనుట నాకు సమ్మతము. ఇంజనీరు బొటనవ్రేలిని గుఱించిన 1892 నాటి కథలో హోమ్సు ఉదయాహారమునకు ముందు త్రాగు పైపు, ముందుదినపు పైపులనుండి మిగిలిన ఈ ముద్దలను ఏఱి పొయ్యిగూటి మూలను జాగ్రత్తగా ఆఱబెట్టి కూర్చినది. దీనిని ‘చుట్టపీకలు’ అని తెలిగించినచో అతడు వీధిలో పీకలేఱుకొను దరిద్రుడుగా కనబడును. ‘నిన్నటి పైపుల అడుగుపొగాకు’ అనినచో ఆ గదియందు ఆ రాత్రి ఎన్ని పైపులు కాలినవో పాఠకునకు తెలియును.